పై వరుసలో పేరు

"లుత్ఫీ!"

యజమాని వగ్దీ బే ఆఫీసులో కేక వేస్తే అలెగ్జాండ్రియా సముద్రం ఒడ్డున గాలం వేసేవాళ్లు కూడా ఉలిక్కిపడతారు.

"షాంపూ సీసా మీద 'భోజనం తర్వాత రెండు చెంచాలు' అని చీటీ వచ్చిందట! మందుల షాపువాడు ఫోన్లో నన్ను కడిగేశాడు. ఎవరు రాశారీ ప్రోగ్రాం?"

అది కనిపెట్టడానికి ఆయనకు తెలిసిన విద్య ఒకటే. ఫైలు తెరిచి పై వరుస చదవడం.

'రాసినవారు: లుత్ఫీ' అని ఉంది.

మూల సీట్లో షహీరా తలెత్తి చూసింది. ఆ ఫైలు రాసింది తను. చేరి నెల కాలేదు. ఒక్క తప్పు దొర్లినా ఇంటికేనని వగ్దీ బే మొదటిరోజే చెప్పాడు.

లుత్ఫీ ఫలాఫెల్ నములుతూ లేచాడు.

"పొరపాటైంది బే. ఇప్పుడే సరిచేస్తా."

"ఎన్నయ్యా నీ పొరపాట్లు? ఏ తప్పు పట్టుకున్నా నీ పేరే! ఇక చాలు, సామాను సర్దుకో."

షహీరా నోరు తెరవబోయింది.

"నాదే బే, నాదే!" అన్నాడు లుత్ఫీ గబగబా.

లుత్ఫీ వెళ్లిపోయాక షహీరా పక్క సీటు ఇంజనీరు హమ్దీని మర్యాదగా పిలిచి అడిగింది.

"బాష్‌ముహందిస్, నేను రాసిన ఫైలు మీద ఆయన పేరేంటి?"

"కొత్త ఫైలు తెరవగానే పై వరుసలు మనం ప్రోగ్రాం రాసే ఎడిటర్ సాఫ్ట్‌వేరే రాసిపెడుతుంది కదా, ఆ అచ్చు, టెంప్లేట్, లుత్ఫీదే. కొత్తగా చేరినవాళ్ల మిషన్లలో తనే ఎక్కించేవాడు. తన పేరు తీయడం మరిచిపోయుంటాడు."

"మరి నాదేనని ఒప్పుకున్నాడేం?"

"వయసైంది కదా. ఏది రాశాడో, ఏది రాయలేదో ఆయనకే గుర్తుండదు."

పాపం అనుకుంది షహీరా. ఉద్యోగం నిలిచినందుకు సంతోషం వేసింది. సంతోషం వేసినందుకు సిగ్గేసింది.

వారం తిరక్కుండానే మళ్లీ కేక.

"లుత్ఫీ!"

అందరూ బిక్కమొహాలు వేశారు.

"పోయినవాడు నిన్న ఫైలెలా రాశాడయ్యా? కిటికీలోంచి దూకి వస్తున్నాడా?"

కాపలావాడిని కూడా పిలిచి నిలదీశాడు వగ్దీ బే. వాడు ఒట్లు పెట్టుకుంటుంటే చూడలేక, హమ్దీ టెంప్లేట్ సంగతి బయటపెట్టాడు.

"అలాగా! అయితే ఇవాళే ఎవరి పేర్లు వాళ్లు పెట్టుకోండి. ఎవరి బండారం ఏంటో తేలిపోతుంది."

ఎవరి సీట్లకు వాళ్లు చేరారు.

షహీరా టెంప్లేట్ తెరిచింది. మొదట్లో ఉన్నట్టు మార్చే బటన్ ఒకటి కనిపిస్తే నొక్కింది. లుత్ఫీ పేరు పోయి, ఆ చోట ఏదో చిన్న గుర్తు వచ్చింది.

కొత్త ఫైలు తెరిచింది. 'రాసినవారు: షహీరా.'

"నా పేరు నేను కొట్టనేలేదే!"

హమ్దీ కూడా తన మిషన్లో నొక్కి చూశాడు. 'రాసినవారు: హమ్దీ.'

"ఎడిటర్‌తో వచ్చే టెంప్లేట్ ఇంతే షహీరా. ఎవరి మిషనైతే వాళ్ల పేరు దానంతటదే..."

హమ్దీ లుత్ఫీ ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు.

ఎవరి పేరు వాళ్లకు పడేలా చేసే ఆ గుర్తును చెరిపేసి, అందరి తిట్లూ తనకే చేరేలా, లుత్ఫీ తన పేరు కావాలనే టైపు చేసి పెట్టాడు.