రెండు చివరలా ఒకే అంకె

కార్డు గీశాడు. ఎర్ర దీపం వెలిగింది. చొక్కాకి తుడిచి మళ్ళీ గీశాడు. మళ్ళీ ఎరుపే.

ఈ తలుపు తీయాలా వద్దా అని చెప్పే కంప్యూటర్ ఊరికి ఆ చివర, పెద్దాఫీసులో ఉంది. దాన్ని అడగాలంటే దారి ఉండాలి. ఆ దారి, అంటే పెద్దాఫీసుకు వెళ్ళే పాత తీగని, కాసేపటి కిందటే అతను తన చేతులతో పీకేశాడు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. లోపలి నుంచి తలుపు తీసే మీట ఎప్పుడో ఊడిపోయింది. బాగుచేయించమని ఫిర్యాదు చేయాల్సిన మనిషి కూడా అతనే.

పెద్దాఫీసుకు ఫోన్ చేశాడు.

"మేడమ్, నేను రూటర్ల గదిలో ఇరుక్కుపోయాను."

అవతల ఒక నిట్టూర్పు. "తలుపు సందులో చెప్పు పెట్టుకోమని మీకు ఎన్నిసార్లు చెప్పాను?"

ఆ మేడమ్ అతని భార్య. ఇవాళ మధ్యాహ్నం దాకా.

పన్నెండింటికి ఇద్దరూ జడ్జి ముందు నిలబడి, ఇష్టపడే విడిపోతున్నామని చెప్పాలి. ఒక్కరు రాకపోయినా కేసు వాయిదా పడుతుంది. కంపెనీ ఒకటే, చేసే పనీ ఒకటే. అతను ఊరికి ఈ చివర, ఆమె ఆ చివర. వేరుగా ఉండడం మొదలయ్యాక 'నువ్వు' మానేసి 'మీరు' అనుకుంటున్నారు. ఇన్నాళ్ళలో వాళ్ళ మధ్య పెరిగింది ఆ గౌరవమొక్కటే. గొడవ ఎక్కడ మొదలైందో ఇప్పుడు అడిగితే ఇద్దరూ తలో మాటా చెబుతారు. పంతం మాత్రం ఇద్దరికీ బాగా గుర్తుంది. ముందు దిగివచ్చినవాళ్ళు ఓడిపోయినట్టు.

"సరే, సొరంగం తెరిచేద్దాం. తలుపు అదే తెరుచుకుంటుంది," అంది ఆమె.

ఇవాళ వాళ్ళు చేయాల్సిన పనే అది. పాత తీగ బదులు, ఊరంతా అల్లుకున్న కంపెనీ నెట్‌వర్క్ లోపలి నుంచి ఒక సొరంగం వేయాలి. ఈ చివర రూటర్ సమాచారాన్ని మూటగట్టి లేబుల్ అంటిస్తుంది. మధ్యలోని రూటర్లు మూట విప్పవు. లేబుల్ చూసి ముందుకు తోసేస్తాయి, అంతే. ఆ చివర విప్పేసరికి రెండు ఆఫీసులూ ఒకే గదిలో ఉన్నట్టు లెక్క. షరతు ఒక్కటే. రెండు చివరలా సొరంగానికి ఒకే అంకె పెట్టాలి. తేడా వస్తే తెరుచుకోదు.

"నాలుగు వందల పదిహేడు," అంది ఆమె.

అతను లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కొట్టాడు.

"రాలేదండీ."

"మళ్ళీ కొట్టండి. నాలుగు, ఒకటి, ఏడు."

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ రాలేదు.

ఆ గదికి కిటికీ లేదు, కుర్చీ లేదు. మనుషుల కోసం కట్టింది కాదు మరి. తీగల చుట్ట మీద కూర్చున్నాడు. ఏసీ ఎముకలు కొరికేస్తోంది. ఫ్యాన్ల హోరులో తన మాట తనకే సరిగా వినపడడం లేదు. మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు.

బయటి నుంచి వాచ్‌మన్ తలుపు దబదబా బాదాడు. "సార్! గడ్డపార తెచ్చా! ఒక్క పోటు పొడిస్తే తలుపు ఊడొస్తుంది!"

"వద్దు బాబూ! తలుపుతో పాటు నా ఉద్యోగం కూడా ఊడుతుంది!"

"కోర్టు పనుందన్నారుగా సార్?"

"నువ్వు ముందు ఆ గడ్డపార కింద పెట్టు!"

మామూలు గొంతు తెచ్చుకుని మళ్ళీ ఫోన్ అందుకున్నాడు. "మూట సైజు తేడా ఉందేమో చూడండి. మీ వైపు పెద్దదీ మా వైపు చిన్నదీ అయితే కలవదు కదా."

"చూశాను. సరిపోయింది."

"అయితే మీ రూటర్‌లోనే ఏదో ఉంది."

"మీకు ఎప్పుడూ మా వైపే తప్పు కనబడుతుంది."

"నేను తప్పని అన్నానా?"

"అనకుండానే తెలుస్తుంది లెండి."

ఫోన్లో ఆమె ఊపిరి వినిపిస్తోంది. ఇంత సేపు ఆమె గొంతు విని ఎన్నాళ్ళయిందో!

ఇంతలో లాయరు ఇంకో కాల్‌లో దూరాడు. "ఎక్కడున్నారండీ? మనకన్నా ముందున్నది ఒక్క కేసే! ఆవిడా రాలేదు, మీరూ రాలేదు. జడ్జిగారు అసలే చిరాకు మనిషి!"

"గదిలో ఇరుక్కుపోయానండీ. వచ్చేస్తున్నా."

"ఇవాళ తప్పిందంటే మళ్ళీ మొదటికొస్తుంది, చెబుతున్నా!"

కాల్ పెట్టేసి చూస్తే భార్య ఇంకా లైన్‌లోనే ఉంది.

"మీరు బయల్దేరాల్సింది కదా?" అన్నాడు.

"మీరు లోపలుంటే నేనొక్కదాన్నే వెళ్ళి ఏం చెయ్యను?" అంది. తర్వాత మెల్లగా, "చలిగా ఉందా?" అంది.

"ఉంది."

బయట వాచ్‌మన్ మళ్ళీ గడ్డపార ఎత్తినట్టున్నాడు, నేల మీద ఇనుము గీసిన చప్పుడు వినిపించింది.

"ఇంకొక్కసారి చెప్పండి, కొడతాను," అన్నాడు.

ఈసారి ఆమె అంకె చెప్పలేదు.

"ప్రతిసారీ నువ్వు కావాలనే తప్పు అంకె కొడుతున్నావని నా తెర మీద మొదటి నుంచీ కనిపిస్తూనే ఉంది, కోర్టు వేళ దాటేదాకా అలాగే కొడుతూ ఉండు."