దీపాలపేట మలుపు

“ఎడమ పక్క కంచు తిమింగలం. సుంకం మేడ దాటుతున్నాం,” అంది కూతురు, చుక్కాని మీంచి చెయ్యి తీయకుండా.

పెద్ద సరంగు చెవి ఒగ్గాడు. నిజమే. సుంకం మేడ కప్పు మీద కూర్చోబెట్టిన కంచు తిమింగలం గాలి మింగినప్పుడల్లా కడుపులోంచి మూలుగుతుంది. ఆ మూలుగు పడవ చెక్కల్లో కూడా తెలుస్తోంది.

“ఊఁ, పోనీ,” అన్నాడు ముభావంగా. లోపల మాత్రం పొంగిపోయాడు.

ఆ రేవులో పొగమంచు దిగిందంటే కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించదు. అందుకే ఊరు కట్టినవాళ్లు పేటకో చప్పుడు పెట్టారు. సుంకం మేడకి తిమింగలం. ఉప్పుపేటకి, ఆటుపోటు మారినప్పుడల్లా బొంగురు గొంతుతో ఏడ్చే రాతి వంతెన. రాగివాడకి చిన్న సుత్తులు. ఆ తర్వాత పిట్టలదిబ్బ. చివర దీపాలపేట మలుపులో, నీళ్లలో పాతిన స్తంభానికి గాజు గంటలు. వీటిని విని ఓడని ఒడ్డుకు చేర్చేవాడే సరంగు. తప్పు వింటే రాళ్లే గతి.

సరంగు కావాలంటే మంచులో పడవ నడిపి చూపించాలి. వరసగా మూడు గుర్తులు తప్పితే అంతే సంగతులు, రెండో పరీక్ష లేదు. పరీక్ష పెట్టేది పెద్ద సరంగు. ఇవాళ చుక్కాని దగ్గర కూర్చున్నది ఆయన ఒక్కగానొక్క కూతురు. నడక వచ్చిన నాటి నుంచి ఆ పిల్లకి ఇదొక్కటే ధ్యాస.

“కాకి పిల్ల కాకికి ముద్దు. ప్యాసు కాకపోతే అడుగు!” అని రేవులో అప్పుడే నవ్వుకుంటున్నారు. ఆ మాట ఆయన దాకా వచ్చింది.

రావడమేమిటి, మనసులో ముల్లులా గుచ్చుకుంది. వెనకటికి ఎవరో మొహమాటపడి ఒక చేతకానివాణ్ణి ప్యాసు చేస్తే, వాడు నడిపిన ఓడలోనే ఆయన అన్నయ్య పోయాడు. ఆ వేళ నుంచి పెద్ద సరంగు మొహమాటానికి నీళ్లొదిలేశాడు.

రాతి వంతెన ఏడ్చింది. కూతురు తడుముకోకుండా చెప్పింది. పడవ ఉప్పుపేట దాటింది.

కాసేపటికి ఆమె, “కుడి పక్క సుత్తులు. రాగివాడ,” అంది.

ఆయన విన్నాడు. పడవ పక్కల్ని నీళ్లు తడుతున్నాయి. అంతే.

“సుత్తుల్లేవు.”

“ఉన్నాయి నాన్నా. సన్నగా.”

“లేవన్నానుగా. ముందుకి పద.”

రాగివాడ దగ్గర తిరగాల్సిన పద్ధతిలోనే ఆమె కుడికి తిప్పింది. ఇంకాస్త దూరం పోయాక, “పిట్టలు అరుస్తున్నాయి. పిట్టలదిబ్బ,” అంది.

ఆయన ఆమెకేసి తిరిగాడు. పిట్టలెక్కడివి? ఈ ఊరొదిలి అవెప్పుడో పోయాయి. ఇంటి చూరులో పిచ్చుకలు కూడా కూయడం మానేశాయి. అంటే పిల్ల వినడం లేదు. చిన్నప్పుడు జోకొడుతూ తను చెప్పిన పేటల వరసని బట్టీపట్టి ఒప్పజెబుతోంది.

“ఇదీ తప్పే,” అన్నాడు. “ఇంక ఒక్కటే ఉంది తల్లీ. తొందరపడకు. విని చెప్పు.”

ఆమె పడవ అంచు మీంచి వంగి వింది. తర్వాత, “ఎడమ పక్క గాజు గంటలు. బాగా దగ్గరికి వచ్చేశాం నాన్నా. దీపాలపేట మలుపు,” అంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. ఒక్క గంట, ఒకే ఒక్క గంట మోగితే చాలని ఉన్న దేవుళ్లందరికీ మొక్కాడు.

ఏమీ లేదు.

“ఊఁ” అంటే సరిపోతుంది. ఎవరు చూడొచ్చారు? పెదాల దాకా వచ్చింది కూడా. అన్నయ్య ముఖం అడ్డం పడింది.

“లంగరు వెయ్యి,” అన్నాడు. “దారి తప్పావు. సముద్రంలోకి కొట్టుకుపోతున్నాం.”

“మోగుతున్నాయి నాన్నా! నాకు వినిపిస్తున్నాయి!”

“బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ చెవుల మీదే బతుకుతున్నాను. లేవంటే లేవు.”

ఆమె రెండు చెవులూ మూసుకుంది. తీసింది. మళ్లీ మూసుకుంది. అప్పుడు లంగరు వేసింది.

“నువ్వు లేవన్నావంటే లేనట్టే నాన్నా,” అంది. “నా చెవులే నన్ను మోసం చేస్తున్నాయి.”

నాలుగు తిట్లు తిట్టినా ఆయనకి అంత బాధ ఉండేది కాదు.

తప్పినవాళ్లు అరచెయ్యి సముద్రంలో ముంచి ఒట్టు వెయ్యాలి. పరీక్ష పెట్టినవాడే వేయించాలి. సముద్రానికిచ్చిన మాటని రాజు దిగొచ్చినా వెనక్కి తీసుకోలేడు. ఆయన ఒక్కో ముక్కా చెప్పాడు, ఆమె ఒక్కో ముక్కా అంది. మరీ నీరసంగా అంటోందని ఆయన ఆమె నోటి దగ్గరికి వంగాడు.

“ఈ జన్మకి... చుక్కాని ముట్టను.”

ఆమె తడి చేతిని తన చొక్కా అంచుతో తుడిచాడు. చిన్నప్పుడు అన్నం తిన్నాక తుడిచినట్టే తుడిచాడు. ఆయనకి దుఃఖం ఆగలేదు.

“అమ్మకి నువ్వే చెప్పు నాన్నా,” అంది. “నా వల్ల కాదు.”

ఆయన తలూపాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక నీళ్లకేసి చూస్తూ కూర్చున్నారు.

గాలి లేచింది. మంచు విడిపోసాగింది.

పెద్ద సరంగు తలెత్తి చూసేసరికి, పడవ పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, దీపాలపేట స్తంభానికి గాజు గంటలన్నీ ఒకదాన్నొకటి కొట్టుకుంటూ ఎగిరెగిరి పడుతున్నాయి, చడీ చప్పుడూ లేకుండా.