నాలుగడుగుల గోడ

“మసి గోడ మీద రంగు నిలవదక్కా. సోడాతోటి కడగాలె, ఆరవెట్టాలె, ప్రైమర్ కొట్టాలె. వారం పని. నాలుగింటికల్లా గావాలంటే నాతోని గాదు,” అని మొగిలి బ్రష్ కింద పెట్టేశాడు.

“దుకాణమంత అడుగుతలేనన్నా. గీ నాలుగడుగులు. ఫోన్ల కనవడేంత గోడకు రంగేస్తే సాలు,” అంది రాధ.

కోరుట్ల బస్టాండు దగ్గరి కాంప్లెక్సులో రాధ నడిపే గాజుల దుకాణం, కంగన్ హాల్, కాలిపోయి పది రోజులైంది. మీటర్ దగ్గర వైర్లు అంటుకున్నాయి. అమ్మకానికి పెట్టిన గాజులన్నీ కరిగి ముద్దలైపోయాయి. కూలికి వచ్చిన సుమలత ఆ ముద్దల్ని తట్టకెత్తి బయట పోస్తోంది. పైకప్పు నలుపే, నాలుగు గోడలూ నలుపే. ఇందులో నాలుగడుగులు మాత్రం మెరిసేలా చేయమంటే ఏ పెయింటరైనా నవ్వుతాడు. మొగిలికి మాత్రం కోపమొచ్చింది.

“ఎవలకు సూపియ్యాలె గా నాలుగడుగులు?”

“మా ఆయనకు. మస్కట్ల ఉంటడు. దుకాణం కాలిన సంగతి ఆయనకెర్క లేదు.”

“చెప్పలేదా?”

“ఎట్ల చెప్పాలె? పదకొండేండ్ల నుంచి గాడనే ఉంటుండు. దసరాకు మొత్తానికే అస్త, ఇద్దరం గల్ల కాడ కూసుందాం అంటుండు. కాలిందని తెలిస్తే అస్తడా? ఇంకో ఐదేండ్లు గాడనే ఉంటడు. నువ్వు గూడ మస్కట్ల చేసొచ్చినోనివే గదన్నా, నీకెర్కలేదా?”

మొగిలికి ఎరుకే.

“మరి గీ పది దినాలు ఎట్ల దాచినవ్?”

“ఆయన ఫోన్ల కెమెరా ఖరాబయింది. మాట ఇనవడుడే గని మనిషి కనవడలే. ఇయ్యాల కొత్త ఫోన్ దొరికిందట. కంపెనోళ్లు కొత్త రూమ్ గూడ ఇచ్చిండ్రట. నాలుగింటికి నా రూమ్ సూపిస్త, నువ్వు దుకాణం సూపియ్యి అన్నడు.”

మసి పూసి మారేడుకాయ చేసేవాళ్లను మొగిలి చాలామందినే చూశాడు. మసి మీద రంగు పూసి మొగుణ్ని ఇంటికి రప్పించుకోవాలనుకునే మనిషిని చూడడం మాత్రం ఇదే మొదలు. గొణుక్కుంటూనే గోడ గీకాడు, గుడ్డతో తుడిచాడు, చిక్కటి పెయింట్ రెండుసార్లు దట్టంగా కొట్టాడు. అనుమానం రాకుండా పాత గులాబీ రంగే కలిపాడు. రాధ కూర్చునే కుర్చీ ఇటు జరిగినా అటు జరిగినా నలుపు పడుతుందని నేల మీద సుద్దతో గీత కూడా గీశాడు.

“గిరాకి లేకపోతే దుకాణం బోసిగ కనవడుతది. సుమలతా, నువ్వు జర కొననొచ్చినట్టు నిలవడవా?” అంది రాధ.

“నిలవడత గని, కొననీకి గాజులేవి అక్కా?”

రాధ చుట్టూ చూసింది. దుకాణంలో ఒక్క గాజైనా మిగల్లేదు. తన కుడిచేతి గాజులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.

సుమలత తట్ట కింద పెట్టేసింది. “వద్దక్కా. మొగడున్నదానివి, చెయ్యి బోసి చేసుకోవద్దు. అందుల గిట్ల కాలిన జాగల.”

“ఆయన అచ్చుడు కోసమే గదనే తీస్తున్న. ఐదు నిమిషాలు.”

ఫోన్ మోగింది. స్టూలు మీద ఇటుకకు ఆనించి పెట్టారు. నలుపు ఎక్కడన్నా పడుతోందేమో చూడమంటే, మొగిలి రాధ కుర్చీ పక్కన, కెమెరాకు అందకుండా గొంతుక్కూర్చుని తెర వైపే చూస్తున్నాడు.

తెర మీద ఆమె భర్త లక్ష్మీరాజం కనిపించాడు. కంపెనీ చొక్కా, మెడ దాకా గుండీలు. గడ్డం పెరిగింది. మంచం మీద కూర్చున్నట్టున్నాడు. వెనక లేత ఆకుపచ్చ గోడ, భుజాల ఎత్తున దాని పొడవునా గోధుమరంగు రబ్బరు పట్టీ.

“రూమ్ మంచిగున్నది గని నువ్వే బక్కగైనవ్,” అంది రాధ.

“డ్యూటీ ఎక్కువైంది. దుకాణం ఎట్ల నడుస్తుంది?”

“మంచిగనే. ఇగో, గిరాకి.”

సుమలత గాజులు అటూ ఇటూ తిప్పి, “గియ్యి నా చేతికి వడతయా అక్కా?” అంది.

“గోడకు కొత్తగ రంగేసినవా?”

“నువ్వస్తున్నవని ఏపిచ్చిన.”

ఆయన చాలాసేపు ఆ నాలుగడుగుల్నే చూశాడు. “మస్తున్నది. గల్ల కాడ నా కుర్చీ గూడ ఏపియ్యి, దసరాకు అస్త.”

“జర అటు తిప్పు, రూమంత సూస్త.”

“సిగ్నల్ గీ మూలకే ఉంటది. డ్యూటీ టైమయింది, ఉంట రాధా.”

తెర ఆరిపోయింది. రాధ సుమలతను పట్టుకుని ఏడ్చేసింది. దుకాణం కాలిన రోజు కూడా ఆమె ఇట్లా ఏడవలేదట. ఏడుస్తూనే నవ్వింది. ఆమె తల వెనక తడి గులాబీ రంగులోంచి మసి అప్పుడే మచ్చలు మచ్చలుగా పైకి తేలుతోంది.

“మొగిలన్నా, నువ్వు సూస్తనే ఉంటివి గదా. ఆయనకేమన్న అనుమానమచ్చిందంటవా?”

“లేదక్కా,” అన్నాడు మొగిలి. “ముందుగాల గాజులు తొడుక్కో.”

ఆమె ఒక్కొక్కటే తొడుక్కుంటుంటే చూడలేక గోడ వైపు తిరిగి బ్రష్ అందుకున్నాడు. మస్కట్‌లో రెండేళ్లు అతను రంగులేసింది అలాంటి ఆకుపచ్చ గోడలకే. స్ట్రెచర్లు తగిలి పెచ్చులూడకుండా ఆ రబ్బరు పట్టీ కొట్టేది ఆసుపత్రి వార్డుల్లో.