దిగే మెట్టు

పొట్టిగా ఉంటాడని వీధి వీధంతా బుడంకాయ్ అని పిలిచే మనిషి పికప్ బండి కొన్నాడు. దానికి నిలువెత్తు చక్రాలు వేయించాడు, కింద ఇనుప దిమ్మలు పెట్టించాడు, బండి ఎత్తుకి అడ్డమని షెడ్డు పైరేకులు కూడా పీకించాడు. కళ్లు నెత్తికెక్కాయని ఇరుగుపొరుగు నవ్వారు. "నవ్వనీ. ఇప్పుడు తలెత్తి చూసేది వాళ్లేగా!" అన్నాడు పెళ్లాంతో.

మూడు రోజులుగా అతను బండి దిగలేదు.

ఆ రాత్రి ఆమె భోజనం డబ్బా పట్టుకుని షెడ్డులోకి వచ్చి లైటు వేసింది. బండి ఎక్కే మెట్టు మొన్న ఆమె మోకాలి ఎత్తులో ఉంది. నిన్న నడుము దాకా వచ్చింది. ఇప్పుడు భుజం దగ్గరుంది. ఆ దిమ్మలు పెట్టిన మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"ఒట్టక్కా, ఆ బండి నేను ముట్టుకుని నెలయింది," అన్నాడతను.

ఇంజను ఆగే ఉంది. అయినా బండి కింద ఇనుము మెల్లగా కిర్రుమంటోంది.

"ఏమండీ, మీ కాళ్లు పట్టుకుందామన్నా అందడం లేదు. దిగి రండి!"

 ఆమె స్టూలు తెచ్చుకుని ఎక్కి చెయ్యి చాపింది. పైన కిటికీలోంచి అతని చెయ్యి కిందికి వచ్చింది. ఇద్దరి వేళ్ల మధ్య జానెడు దూరం. ఆమె మునివేళ్ల మీద లేచింది. అయినా జానెడే.

"దిగాలనే చూస్తున్నానే," అన్నాడు, ఎక్కడో పైనుంచి, ఏడుపు గొంతుతో. "కాస్త లైటెయ్యవే. నాకు నేల కనబడటం లేదు."

షెడ్డులో లైటు వెలుగుతూనే ఉంది.