బూడిద పళ్లెం

"ఎవరప్పా అది? చెయ్యి తియ్."

ఢిల్లీబాబు అరుపుకి పొయ్యి వెనక నుంచి ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. మాసిన లుంగీ, భుజాన తువ్వాలు, ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు.

వడమాలపేట దగ్గర కొత్తగా కట్టిన రిసార్టులో ఆ రోజు బార్బెక్యూ పోటీ. ఆరింటికి నిప్పు రాజేసి, పన్నెండున్నరకి పొట్టేలు తొడ కాల్చి జడ్జీల ముందు పెట్టాలి. ఆ మధ్య ఆరున్నర గంటలూ నిప్పుని పసిబిడ్డలా కనిపెట్టుకుని ఉండాలి. ఎక్కువైతే మాడుతుంది, తగ్గితే పచ్చిగా ఉంటుంది. అన్నీ కుదిరి, ముట్టుకుంటే మాంసం ఎముక మీంచి జారినప్పుడు ఒక వాసన వస్తుంది. ఆ వాసన కోసమే పదకొండు పందిళ్లలో జనం ఉక్కలో నిలబడి పొగ మింగుతున్నారు.

గెలిచినవాళ్లకి రిసార్టు వంటశాల అప్పగిస్తారు. ఢిల్లీబాబుకి అది కావాలి. తిరుపతి బైపాసులో అతని హోటలు రోడ్డు వెడల్పులో పోయి ఏడాదయింది. ఆ ఏడాదంతా పెళ్లాం లోకేశ్వరి ఇంటి ముందు ఇడ్లీలు అమ్ముతుంటే, ఆయనగారు మంచం మీద కూర్చుని ఈ పోటీ గురించి మాట్లాడారు.

హోటలు పోయింది గానీ గొప్పలు పోలేదు. చెన్నై వెళ్లి, మూత మీద అమెరికా జెండా అంటించిన ఇనుప పొయ్యి కొని లారీలో తెప్పించాడు. పొద్దున్నుంచి వచ్చినవాళ్లందరికీ ఆ జెండా చూపించాడు. అడగనివాళ్లకి రెండుసార్లు చూపించాడు.

పక్క పందిట్లో సంతోషమ్మ మూడు పక్కలా ఇటుకలు పేర్చి మామిడి మొద్దులు రాజేసింది. పుత్తూరు వైపు చర్చి విందులకి వండే మనిషి. ఇది పోటీయా, పెళ్లి వంటా అని ఢిల్లీబాబు పైకే అని నవ్వాడు. ఎవరూ నవ్వకపోయినా నవ్వాడు.

ఇప్పుడీ ముసలాయనొకడు.

ఏం పని మీద వచ్చావని అడిగితే, ఇట్లాంటి పొయ్యి వెలుగుతుంటే ఒక్కసారైనా చూడాలని బస్సెక్కి వచ్చానన్నాడు. ఢిల్లీబాబు అతన్ని ఎగాదిగా చూశాడు. చూసింది చాలు, దూరంగా నిలబడమన్నాడు.

ముసలాయన కదల్లేదు. పొగ వైపు ముక్కు పెట్టి వాసన చూశాడు.

"పొగ చేదెక్కతా ఉండాదప్పా. వెనకపక్క కింద బూడిద పళ్లెముండాది. వేలు దూర్చి లాగితే వస్తాది. దులిపేస్తే గాలాడతాది."

"దీనికి పళ్లేల్లేవు, గిన్నెల్లేవు. పెట్టెలో వచ్చిన కాయితమంతా చదివినా నేను."

"కాయితంలో ఉండదప్పా. అది..."

"అమెరికా పొయ్యి నువ్వు యాడ జూసినావు? నీ తెలివి మీ ఇంట్లో కట్టెలు ఊదుకునేదానికి పెట్టుకో. పో ఆడికి."

ముసలాయన పొయ్యి వంక ఇంకోసారి చూసి, తువ్వాలు దులుపుకుని పక్క పందిట్లోకి వెళ్లాడు.

సంతోషమ్మ ముందు పేరడిగింది. తర్వాత మజ్జిగిచ్చింది. కాసేపటికి ఆయన ఆమె పొయ్యి అడుగు వరసలో రెండిటుకలు పక్కకి జరుపుతున్నాడు.

"ఇంత సందు సాలునా, జయరావన్నా?" అని ఆమె అడగడం ఢిల్లీబాబుకి వినబడింది. సరిపోయారు ఇద్దరూ అనుకున్నాడు.

పదకొండింటికి అతని పొయ్యిలో నిప్పు మందగించింది. బొగ్గులు పోశాడు. పొగ చిక్కబడింది. ఇంకా పోశాడు. అట్టముక్క పట్టుకుని విసిరాడు. కళ్లూ ముక్కూ ఏకధారగా కారాయి. ఒక్కసారి వంగి వెనక చూస్తే పోయేదేమీ లేదు. కానీ లుంగీవాడి మాట విని పదిమందిలో వంగడమా! వంగలేదు మహానుభావుడు.

పన్నెండున్నరకి జడ్జీలు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ ముక్క నోట్లో పెట్టుకుని, మర్యాదగా కాగితంలోకి తీసేసింది. రెండో ఆయనకి అంత మర్యాద లేదు. మసి నమిలినట్టుందని పైకే అనేశాడు. సంతోషమ్మ పందిట్లో మాత్రం ముగ్గురూ రెండోసారి చెయ్యి చాపారు.

వంటశాల ఆమెకే ఇచ్చారు. ఆమె మైకు పట్టుకుని, ఈ గెలుపు తన ఒక్కదానిది కాదని, నిప్పుకి దారి చూపించింది జయరావన్నేనని చెప్పి, ఆయన కోసం చుట్టూ చూసింది. ఆయన అన్నం కూడా తినకుండా బస్సుకి వెళ్లిపోయాడని ఎవరో చెప్పారు.

ఢిల్లీబాబు చప్పట్లు కొట్టలేదు. లోకేశ్వరి అప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. రేపు కూడా ఇడ్లీకి పప్పు నానబెట్టుకోమని ఆమెకి ఏ ముఖంతో చెప్పాలి? ఏడుపొచ్చింది. ఆ ఏడుపు పొయ్యి మీద తీర్చుకున్నాడు. కాలెత్తి ఒక్క తన్ను తన్నాడు.

వెనకపక్క కింద నుంచి ఏదో జారి నేల మీద పడింది.

పళ్లెం. అంచుల దాకా బూడిద గట్టిగా కూరుకుపోయి ఉంది.

గుడ్డతో పట్టుకుని బోర్లించాడు. అడుగున మసి తుడిస్తే, ఇళ్లల్లో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకున్నట్టే, చుక్కలు చుక్కలుగా తెలుగక్షరాలు కొట్టి ఉన్నాయి: "జయరావు, వెల్డింగు షాపు, తడ."