ఆకుపచ్చ ప్యాకెట్ మహిమ

"సర్వర్ మీది ప్యాకెట్ తీసి పారేసింది నువ్వేనా?" అని ఆఫీసు మేనేజరు లాయ్ సార్ అందరి ముందూ నిలదీసేసరికి పెయ్‌షువాన్‌కి ఒళ్ళు మండిపోయింది.

పారేసింది ఆమే. మిషన్లు మొరాయించకుండా బుద్ధిగా ఉండాలని తైచుంగ్ ఊళ్ళో ఆఫీసులవాళ్ళు పెట్టుకునే ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ అది. గడువు దాటిందని నిన్న తీసేసింది. అయితే మాత్రం, ఇవాళ స్కూళ్ళకు పంపే భోజనాల జాబితా రాకపోవడానికీ దానికీ ఏం సంబంధం?

ఆ జాబితా తీసే కొత్త స్క్రిప్టు నడవాలంటే పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 3.10 వెర్షన్ కావాలి. సర్వర్‌లో పాతదే ఉందేమో, నడిపే ముందు ఒక్క లైను కొట్టి వెర్షన్ చూడండని పొద్దుటినుంచి మూడుసార్లు మొత్తుకుంది. కొత్త మనిషి కాబట్టి సర్వర్ పాస్‌వర్డ్ ఆమెకు ఇవ్వలేదు. అంత తీరిక లేదని లాయ్ సార్ కొట్టిపారేశాడు. స్క్రిప్టు కాస్తా బోర్లాపడ్డాక, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇప్పుడీ ప్యాకెట్ పురాణం. ఏం మనుషులు వీళ్ళు!

"ఇవాళ్టితో నీ ప్రొబేషన్ అయిపోతోంది. రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు లాయ్ సార్.

ఆమె తగ్గలేదు. "వెర్షన్ చూశాక ఆ మాట అనండి సార్. అందులో 3.10 ఉంటే నేనే వెళ్ళిపోతాను."

సరే పదమన్నాడు. సర్వర్ గదిలో, సర్వర్ల బాగోగులు చూసే చియెన్ అన్న అప్పటికే కొత్త ఆకుపచ్చ ప్యాకెట్ పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాస్‌వర్డ్ చియెన్ అన్నే కొట్టి పక్కకు జరిగాడు. పెయ్‌షువాన్ లైను కొట్టింది.

తెర మీద 3.10 అని వచ్చింది.

ఆమె కళ్ళు నులుముకుని మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. స్క్రిప్టు నడిపితే జాబితా గడగడా వచ్చేసింది. లాయ్ సార్ ప్యాకెట్‌కి భక్తిగా దండం పెట్టి, మాట మీద నిలబడతావుగా అని ఆమెకు గుర్తుచేసి మరీ వెళ్ళాడు.

చేయని తప్పుకి ఉద్యోగం పోయింది. ఏడుపూ కోపమూ కలిసి వస్తుంటే పెయ్‌షువాన్ బ్యాగు సర్దుకుంటోంది. చియెన్ అన్న చుట్టూ చూసి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు.

"నువ్వన్నదే నిజం చెల్లెమ్మా. ఆ కొత్త పైథాన్ వెయ్యమని నాకు ఆర్నెల్ల కిందటే చెప్పారు. ఇందాక మీరక్కడ పోట్లాడుకుంటుంటే ఆ పని కాస్తా కానిచ్చేశాను."