పొర పాట

సరిగ్గా పదీపదికి గ్రాఫు యంత్రం పెన్ను లేచింది.

కాగితం మీద గీత నిట్టనిలువుగా ఎక్కింది. కాసేపు అక్కడే కూర్చుంది. తర్వాత, వెళ్లలేక వెళ్తున్నట్టు, మెల్లగా దిగింది.

"వచ్చిందిరా మీ అక్క" అన్నాడు బావ, తన కుర్చీ కాస్త పక్కకు జరుపుకుని.

బావమరిది వేళ్లు తడిగా, చల్లగా ఉన్నాయి.

ఆ చిన్న ల్యాబులో మొన్నటిదాకా పనిచేసింది ముగ్గురు. అక్క పోయి నాలుగు నెలలు. ఆమె చివరిగా తయారుచేసిన పొర ఇంకా బల్ల మీద జాలీ డబ్బాలో ఉంది. గోరంత గాజుముక్క, దాని మీద కంటికానని తగరపు ఆక్సైడ్ పొర, అందులో కూరలో ఉప్పంత పలాడియం. వేడిచేసి ఉంచితే, గాలిలో ఏ ఆవిరి తగిలినా పెన్ను లేస్తుంది. డబ్బా మీద అక్క చేతిరాత: "ముట్టుకుంటే చంపుతా."

"పొరలో ఏదో పొరపాటు ఉంది బావా."

"పొరపాటు కాదురా, పొర పాట. బతికున్నప్పుడూ పదీపదికేగా వచ్చి కూర్చునేది."

బావ నవ్వాడు. అక్క పోయాక రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. పెన్ను మొదటిసారి లేచిన మర్నాడే గడ్డం గీసుకున్నాడు.

బావ కళ్లముందే బావమరిది గ్యాసు సిలిండర్లు కట్టేశాడు. గొట్టాలు మార్చాడు. అతుకులకు సబ్బునీళ్లు పూశాడు. ఒక్క బుడగ రాలేదు. బావ రాకముందే రోజూ బల్లంతా శుభ్రంగా తుడిచేది కూడా అతనే.

"నీకేమైనా వాసనొస్తోందా బావా?"

"నా ముక్కు యాసిడ్ పొగలకు ఎప్పుడో పోయిందిగా. ముక్కుసూటి మనిషిని. ముక్కు పోయి సూటి మిగిలింది."

మర్నాడు పరీక్షాధికారి వస్తున్నాడు. పొర నెగ్గితే గనుల్లో ప్రమాద గంటలకు వాడతారు. కారణం లేకుండా పెన్ను లేచిందా, అక్క ఐదేళ్ల కష్టం చెత్తబుట్టలోకే.

"రేపొక్కరోజు రావద్దని అక్కకు చెప్పు బావా."

"అది నా మాట ఎప్పుడు విందిరా?"

అధికారి వచ్చాడు. పదీపది అయింది. పెన్ను కదల్లేదు. పదిన్నర. గీత గీసినట్టే ఉంది. ఆయన తెచ్చిన గ్యాసు వదిలితే మాత్రం ఠక్కున లేచింది.

"ఇంత బుద్ధిమంతురాలైన పొరను నేను చూడలేదు" అని సంతకం పెట్టి వెళ్లాడు.

బావ కుర్చీ మళ్లీ మధ్యకు లాక్కున్నాడు.

"వెళ్లిపోయిందిరా."

"బయటివాళ్ల ముందు సిగ్గుపడి ఉంటుందిలే."

"మీ అక్కకా? సిగ్గే దాన్ని చూసి సిగ్గుపడేది."

ఈసారి నవ్వలేదు. అన్నం డబ్బా మూత తీయకుండానే గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు బావ మాసిన గడ్డంతో, ఆలస్యంగా వచ్చాడు. కూర్చోలేదు. పెన్ను వంక చూడకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

పదీపదికి కాగితం మీద గరగరమని చప్పుడైంది.

గీత ఎక్కింది. కూర్చుంది.

బావ గబగబా వచ్చి కుర్చీ పక్కకు జరిపాడు. "ఎక్కడికి పోయావే నిన్న?" అన్నాడు గొంతు తగ్గించి.

అతని వీపు వెనక బావమరిది, పొర డబ్బా పక్కనుంచి బల్ల తుడిచే తడిగుడ్డను తీసి మడతపెట్టి, జేబులోంచి అక్క సెంటు సీసా తీసి వెలుతురుకు పట్టి చూశాడు. అడుగున ఇంక నాలుగు చుక్కలే ఉన్నాయి.